ఎనిమిదో చేప

మృగశిర కార్తె వచ్చిందంటే మా భువనగిరిలో ఆ రోజు చేపకున్న గిరాకీ బంగారానికి కూడా ఉండదు. రోహిణి ఎండలు పోయి చల్లబడే వేళ, చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా దగ్గూ ఆయాసమూ తప్పవని పెద్దల నమ్మకం. తిననివాళ్ళు బెల్లంలో ఇంగువ కలుపుకొని మింగి పుణ్యం దక్కించుకుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్ళయితే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్ళి బతికున్న కొరమీను పిల్లనే గుటుక్కుమనిపించి వస్తారు.

ఇక చేపల గంప ముందు కూర్చున్న ఆడవాళ్ళు వేసే ప్రశ్నలుంటాయే, పెళ్ళిచూపుల్లో కూడా అన్ని అడగరు. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, కన్ను మెరుస్తోందా, వేలితో నొక్కితే గుంట పడుతోందా, కడుపులో గుడ్లున్నాయా! అన్నీ అయ్యాక అసలు ప్రశ్న: "ఇది ఏ నీళ్ళది?"

"మూసీయి గావు బిడ్డా, చెర్వుయి. నా మన్మని మీద ఒట్టు" అంటుంది గంప ముందున్న పెద్దమ్మ.

ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, మా మార్కెట్లో ఒక్క చేప కూడా తాను మూసీలో పుట్టానని ఒప్పుకోలేదు. మరి మూసీలో రోజూ పట్టే చేపలన్నీ ఎక్కడికి పోతున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి.

మూసీ అనగానే ముక్కు మూసుకోవటమే గుర్తుకొస్తుంది మనకు. కాని వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు అదీ మంచి ఇంటి పిల్లే. 1908 సెప్టెంబరులో ఒక్కసారి కోపం వచ్చి హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అలాంటి వరద మళ్ళీ రాకూడదని 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మనందరి గండిపేట, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆగింది, నగరానికి మంచినీళ్ళూ దక్కాయి. అయితే మంచినీళ్ళు పైన ఆగిపోతే కింద నదికి మిగిలేదేమిటి? వానాకాలం పోతే, ఊరు వదిలిన నీళ్ళే నది.

ఇంకో విచిత్రం చూడండి. హైదరాబాదు తాగే నీళ్ళలో నాగార్జునసాగర్ నుంచి పైకి తోడుకొచ్చే కృష్ణ నీళ్ళున్నాయి. ఉమ్మడి నల్లగొండ నేల మీదుగా గొట్టాల్లో ఎక్కిన ఆ నీళ్ళు, నగరంలో స్నానాలూ బట్టలూ గిన్నెలూ అన్నీ అయ్యాక మూసీలో పడి, మళ్ళీ మా నేల మీదుగానే దిగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. పట్నం చుట్టం మన పట్టుచీర పట్టుకెళ్ళి పదిసార్లు కట్టి, ఉతక్కుండా తెచ్చి ఇచ్చినట్టు!

మా వైపు మూసీ మీద పాతకాలపు కత్వలున్నాయి. కత్వ అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట. అక్కణ్ణుంచి బునాదిగాని కాలువ, పిల్లాయిపల్లి కాలువ లాంటివి పొలాలకూ, దారిలో ఉన్న చెరువులకూ నీళ్ళు తీసుకుపోతాయి. అంచేత ఆ చెరువుల్లో పట్టిన చేపను "చెరువు చేప" అంటే అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. పెద్దమ్మ ఒట్టు వల్ల ఆమె మనవడికి వచ్చిన ప్రమాదమేమీ లేదు.

మా పెద్దత్తమ్మ పుట్టిల్లు వలిగొండ వైపు, ఏటి ఒడ్డు పల్లె. ఇసుకలో చేత్తో చెలిమ తీస్తే కొబ్బరినీళ్ళలా ఊరేవనీ, పెళ్ళైన కొత్తలో పుట్టింటికి వెళితే చీరకొంగుతోనే పరకలు పట్టేవాళ్ళమనీ ఆవిడ చెప్తూ ఉండేది. సంగెం దగ్గర భీమలింగం కత్వ చూడ్డానికి వెళ్ళినప్పుడు నీళ్ళు దూకేచోట తెల్లటి నురుగు మేటలు వేసి కనిపిస్తే, మా చిన్నమనవరాలు చప్పట్లు కొట్టి "అమ్మమ్మా, మంచు!" అంది. ఒకే ఏరు. ఆవిడకు చెలిమ, దీనికి మంచు.

అయినా చేపలు బతికే ఉన్నాయి కదా అంటారు. మా వారి వాదన కూడా అదే. "విషమైతే చచ్చి తేలాలి. గంపలో ఎగిరెగిరి పడుతున్న దానికి ఏం రోగం?" అని. నిజమే, చేపలు తెల్లగా తేలితే అందరికీ కనిపిస్తుంది. పత్రికలో ఫోటో పడుతుంది, అధికారులు సీసాల్లో నీళ్ళు పట్టుకెళతారు. కాని చేపను చంపకుండా, బక్కచిక్కనివ్వకుండా, నిగనిగలాడుతూనే ఉంచి, దాని వంశాన్ని మాత్రం ఆపేసే మాలిన్యం ఒకటుంది. దానికి ఫోటో ఉండదు. ఈ వ్యాసం దాని గురించి.

హార్మోను అన్న మాట మన ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. ఇంటింటా ఎవరో ఒకరు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. "నాది యాభై, మా చెల్లెలిది వంద" అని చెప్పుకుంటాం కదా, అవి మైక్రోగ్రాములు. ఒక గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. అలాంటి యాభై రవ్వలు ఈ పెద్ద శరీరాన్ని రోజంతా నడిపిస్తున్నాయి! హార్మోను ఒంట్లో తిరిగే ఉత్తరం లాంటిది. దాని బరువుతో పని లేదు. అందులో ఏం రాసి ఉంటే ఒళ్ళు అది చేస్తుంది.

చేపల్లో కూడా ఆడతనానికి ఈస్ట్రోజెన్ అనే ఉత్తరమే. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆ ఉత్తరం ఆడచేప కాలేయానికి చేరుతుంది. కాలేయం గుడ్డు సొనకు కావలసిన మాంసకృత్తిని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ పని చేసే నేర్పు మగచేప కాలేయంలో కూడా ఉంటుంది. అయితే దానికి ఉత్తరం అందదు గనుక, ఆ నేర్పు పెట్టె అడుగున పట్టుబట్టలా మడత విప్పకుండా ఉండిపోతుంది. మరి నీళ్ళలోంచే దొంగ ఉత్తరం వస్తే? పాపం, మగచేపకు అక్షరాలు గుర్తుపట్టే తెలివి ఎక్కడిది! గుడ్లు లేని ఒంట్లో సొన తయారవటం మొదలౌతుంది. ఇంకా గుడ్డులోంచి బయటపడ్డ పసిపిల్లగా ఉన్నప్పుడే ఆ ఉత్తరం అందితే, మగచేప బీజకోశంలోనే గుడ్ల కణాలు పుడతాయి. చేపల ఆడామగా మనంత గట్టిది కాదు. తిలాపియా పెంచేవాళ్ళు పిల్లలకు మొదటి కొద్ది వారాలు మగ హార్మోను కలిపిన మేత పెట్టి, చెరువంతా మగవాటినే తయారుచేసుకోవటం పాత విద్యే.

ఇది మొదట బయటపడింది ఇంగ్లండులో. 1970ల చివర, మురుగు శుద్ధి చేసిన నీళ్ళలో పెరిగే రోచ్ అనే చేపల్లో కొన్ని ఆడో మగో తేలకుండా ఉన్నాయని గమనించారు. ఆ తర్వాత శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేపలను బోనుల్లో పెట్టి, శుద్ధికేంద్రాల నీళ్ళు నదిలో కలిసేచోట దించి చూశారు. కొద్ది వారాల్లోనే మగ ట్రౌట్‌ల రక్తంలో గుడ్డు సొన మాంసకృత్తి విపరీతంగా పెరిగింది. జాన్ సంప్టర్, ఆయన తోటివాళ్ళు ఈ సంగతి 1994లో ప్రకటించారు. 1998లో నదుల్లో సహజంగా తిరిగే రోచ్‌లను పట్టి కోసి చూస్తే, కొన్నిచోట్ల దొరికిన మగచేపల్లో ఒక్కటి కూడా పూర్తి మగది కాదని తేలింది. అవి వాసన కొట్టే మురుగు కాలవలు కావు. శుద్ధిచేసిన నీళ్ళు, చూపులకు తేటగానే ఉన్న నదులు.

"సరే, కొంచెం తేడా చేసింది, అంతమాత్రాన చేపలు తగ్గిపోతాయా?" అని అడిగేవాళ్ళుంటారు. దానికి జవాబు కెనడాలో దొరికింది. అక్కడ ఆంటారియో అడవుల్లో ప్రయోగాలకోసమే ఉంచిన సరస్సులున్నాయి. కరెన్ కిడ్ అనే ఆవిడ తన తోటివారితో కలిసి 2001 నుంచి మూడు వేసవులు ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ ఈస్ట్రోజెన్ కలిపింది. ఎంతనుకున్నారు? లీటరుకు 5, 6 నానోగ్రాములు. నానోగ్రాము అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు. మన లెక్కలో చెప్పాలంటే, ఒక్క గ్రాము మందును పదివేల లీటర్ల టాంకర్లు ఇరవైవేలు తెప్పించి అన్నింట్లోనూ సమంగా కలపాలి. ఇంటిముందుకు ఒక్క టాంకరు రావటానికే మూడురోజులు ఫోన్లు చేసే మనకు ఇరవైవేల టాంకర్లు ఊహకందవు!

ఆ కాస్త మందుకే, మన పరకల్లాంటి చిన్నచేప, రెండు మూడేళ్ళు బతికే జాతి, ఆ సరస్సులో దాదాపు లేకుండా పోయింది. ఉన్నవి చచ్చిపోలేదు. పిల్లలు పుట్టలేదు, అంతే. ముసలివి ముసలివై రాలిపోతే వాటి చోటుకు వచ్చేవాళ్ళు లేరు. వాటిని తిని బతికే పెద్ద ట్రౌట్‌లు కూడా మేత లేక తగ్గిపోయాయి. చిన్నచేపల గురించిన ఫలితాలు 2007లో అచ్చయ్యాయి.

ఇది చదివినప్పుడు నాకు మా మార్కెట్టు గంప గుర్తుకొచ్చింది. గంప ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. కాని అందులో ఉన్నవేమిటి? బొచ్చె, రవ్వ, బంగారుతీగ. ఇవి కేంద్రాల్లో పుట్టించి, పిల్లలుగా తెచ్చి చెరువుల్లో వదిలేవి. 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా పంచటం మొదలుపెట్టాక అవి మరీ పెరిగాయి. మంచిదే, బెస్తవాళ్ళకూ ముదిరాజులకూ నాలుగు రాళ్ళు దొరుకుతాయి. కాని బయట పుట్టి వచ్చిన చేప గంపలో ఉన్నంతమాత్రాన, ఆ నీళ్ళు పిల్లల్ని కనగలవని సాక్ష్యం కాదు. దత్తత పిల్లలతో ఇల్లు కళకళలాడుతూ ఉండవచ్చు, సంతోషమే. కాని ఆ కళను చూసి ఆ ఇంటికి ఏ కష్టమూ లేదనుకుంటే ఎట్లా? నీటి ఆరోగ్యం తెలియాలంటే ఎవరూ తెచ్చి వదలని, అక్కడే పుట్టి అక్కడే పెరిగే వాటిని అడగాలి. పరకలు, జెల్లలు, బొమ్మిడాయలు, కొరమీన్లు. మన రాష్ట్రం 2016లో రాష్ట్రచేపగా గౌరవించుకున్న కొరమీను తన పిల్లల గుంపును కాపలా కాస్తూ వెంట తిప్పుకునే జాతి. పిల్లల మీద అంత మమకారం ఉన్న ప్రాణికి పిల్లలే లేకుండా పోతే అంతకన్న అన్యాయమేముంది?

ఇంతకీ ఈ దొంగ ఉత్తరాలు రాస్తున్నది ఎవరు?

గర్భనిరోధక మాత్ర పేరు చెప్పగానే, "చూశారా, ఇదంతా ఆడవాళ్ళ వల్లే" అని మీసం దువ్వేవాళ్ళు వెంటనే తయారౌతారు. కాస్త ఆగమనండి. ఈస్ట్రోజెన్ ప్రతి మనిషి ఒంట్లోనూ ఉంది. ఆడవాళ్ళు వదులుతారు, మగవాళ్ళూ వదులుతారు, చూలు గేదెలు మరీ వదులుతాయి. దీన్లో సృష్టి పొరపాటేమీ లేదు. బయటికి పంపేముందు మన కాలేయం దానికి మూటకట్టి, పని చేయకుండా చేసి మరీ పంపుతుంది. ఆ మూటను మురుగుకాలువలోని సూక్ష్మజీవులు విప్పేస్తాయి. లోపలి ఉత్తరం మళ్ళీ చదవటానికి వీలైపోతుంది. పదిమంది ఉన్న పల్లెకు ఇది సమస్య కాదు. కోటి దాటిన నగరం ఒక్క నదిలోకి వదిలితే సమస్య.

ఉత్తరం లాగే కనిపించే కాగితాలు ఇంకా ఉన్నాయి. అమెరికాలో బోస్టన్ నగరంలో అనా సోటో అనే ఆవిడ రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తుండేది. ఈస్ట్రోజెన్ వేస్తేనే పెరగాల్సిన కణాలు ఒకసారి ఏమీ వేయకుండానే పెరగసాగాయి. ఇల్లంతా వెతికినట్టు వెతికి చూస్తే, దొంగ ప్లాస్టిక్ గొట్టాల్లో దొరికాడు. వాటిలోంచి ఊరే నోనైల్‌ఫినాల్ అనే పదార్థం ఈస్ట్రోజెన్ వేషం వేస్తోంది. ఇది 1991లో ప్రకటించారు. అదే పదార్థం కొన్ని రకాల డిటర్జెంట్లు, నూలూ బట్టలూ శుభ్రం చేసే రసాయనాలు మురుగులో విరిగినప్పుడు కూడా పుడుతుంది. యూరప్ దేశాలు దాని వాడకాన్ని చాలావరకు కట్టడి చేశాయి. పోచంపల్లి చీర కట్టుకుని మురిసిపోయే మనం, ఆ నేతగాళ్ళకు చవకలో మంచి సబ్బూ మంచి రంగూ అందేటట్టు చూడమని అడగటంలో తప్పు లేదు.

ఇక మందుల సంగతి. హైదరాబాదు దేశానికి మందులు చేసిపెట్టే ఊరు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కర్మాగారాల నీళ్ళు శుద్ధిచేసే చోట స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఒక లెక్క చెప్పారు. శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందట. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! ఇది సూక్ష్మజీవులను చంపే మందు గాని హార్మోను కాదు, నిజమే. కాని అది పోయిన దారిలో మరో మందు పోకుండా ఆపేదెవరు? శుద్ధికేంద్రాలు కట్టినప్పుడు వాటికి నేర్పింది మలినం తీయటం. మందులు ఏరమని, ఉత్తరాలు చింపమని వాటికెవరూ చెప్పలేదు.

"అయితే ఇక చేపలు తినటం మానెయ్యాలా?" అని మా ఆడపడుచు కంగారుపడింది. ఒక్క కూరతో మనకేదో అయిపోతుందని నేను చెప్పటం లేదు. మనం వారానికొకసారి ముక్క తినటం వేరు, గుడ్డులో ఉన్నప్పటినుంచీ రాత్రింబగళ్ళు ఆ నీళ్ళనే మొప్పలతో పీల్చుకుంటూ బతకటం వేరు. ప్రమాదం ముందు చేపది. ఆ తర్వాత, వలలు భుజాన వేసుకుని తెల్లారకుండానే ఏటికి వెళ్ళేవాళ్ళది.

ఆశ లేని కథ కాదిది. కెనడా సరస్సులో మందు కలపటం ఆపేసిన కొన్నేళ్ళకు చిన్నచేపలు మళ్ళీ పెరిగాయి. నీళ్ళకు పగపట్టే గుణం లేదు, మనం ఆపితే అవి మరచిపోతాయి. స్విట్జర్లాండు 2016 నుంచి పెద్ద శుద్ధికేంద్రాల్లో ఓజోన్, బొగ్గుపొడి వాడి ఇలాంటి సూక్ష్మమైన పదార్థాలను కూడా ఏరేసే ఏర్పాటు మొదలుపెట్టింది. అంటే విద్య ఉంది, ఖర్చు పెట్టే మనసు కావాలి. మూసీని బాగుచేస్తామని ప్రణాళికలు చాలానే వచ్చాయి. ఒడ్డున పూలచెట్లూ బెంచీలూ దీపాలూ వద్దని కాదు. వాటికన్న ముందు శుద్ధికేంద్రంలోంచి వచ్చే నీళ్ళలో ఏమేం పరీక్షిస్తున్నారో మనం అడగాలి. కూర్చోవటానికి వచ్చేవాళ్ళకు బెంచీ. అక్కడే కాపురం ఉండేవాళ్ళకు నీళ్ళు.

ఇంట్లో మనం చేయగలిగిందీ లేకపోలేదు. గడువు తీరిన మాత్రలు, మిగిలిపోయిన సిరప్పులు సింకులో, మరుగుదొడ్డిలో పోసేయటం మానవచ్చు. నురగ ఎక్కువొస్తే మురికి ఎక్కువ పోతుందన్న భ్రమతో గుప్పెడు పొడికి బదులు రెండు గుప్పెళ్ళు వేయకుండా ఉండవచ్చు. అయితే ఒక మాట. ఏ సమస్య వచ్చినా "గృహిణులు జాగ్రత్త పడాలి" అని ముగించేయటం అలవాటైపోయింది. మన సింకు చిన్నది. పెద్ద గొట్టాలు ఎవరివో వాళ్ళ పేరు కూడా పిలవాలి.

చిన్నప్పుడు ఏడు చేపల కథ వినని వాళ్ళం ఎవరమూ లేము. రాజకుమారులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండకపోతే, అది గడ్డిమోపు మీద నెపం వేసింది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు పశువుల కాపరి మీద, అలా ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోతే తప్పు చివరికి చీమ దగ్గర తేలుతుంది. చీమ మాత్రం, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని దబాయిస్తుంది. నా మనవరాలికి ఈ కథ చెప్పినప్పుడల్లా ఈ మధ్య నాకు ఎనిమిదో చేప ఒకటి కనిపిస్తోంది. ఎండిందా లేదా అని దాన్ని అడగక్కర్లేదు. ఎందుకు పిల్లల్ని పెట్టలేదే అని అడగాలి. అది నది మీద చెబుతుంది, నది నగరం మీద, నగరం కర్మాగారాల మీద, కర్మాగారాలు మందులూ సబ్బులూ కొనేవాళ్ళ మీద, కొనేవాళ్ళు అన్నీ శుద్ధిచేస్తామన్న సర్కారు మీద. ఎవరి సమాధానం వాళ్ళకుంది.

పాత కథలో చీమకు నోరుంది గనుక తన మాట తాను చెప్పుకుంది. చేపకు ఆ నోరూ లేదు. అది ఎప్పుడూ మౌనంగానే ఉంటుంది, గంపలో ఉన్నా, ఏట్లో ఉన్నా. అందుకే గంప ముందు కూర్చున్నప్పుడు "ఇది ఏ నీళ్ళది" అని చేపల అమ్మను అడగటంతో సరిపెట్టకూడదనుకుంటాను. ఆ నీళ్ళు ఎవరివి, ఎవరింటినుంచి వచ్చాయి, ఎలా వదిలారు అన్నది పైనున్న వాళ్ళను అడగాలి. బేరమాడటంలో మనకు సాటి ఎవరూ లేరు కదా, ఆ నేర్పు కొంచెం అక్కడ కూడా చూపిద్దాం.